బస్తర్ సంపదకు బస్తర్ చదువు

దండకారణ్యం నడిబొడ్డున ఉన్న బస్తర్ నుంచి బయటి ప్రపంచానికి తరలిపోయినవి లెక్కకు మిక్కిలి. బైలదిల కొండల ఇనుప ఖనిజం పోయింది. సాల వృక్షాల కలప పోయింది. చింతపండు, ఇప్పపువ్వు, తునికాకు, సారపప్పు, పట్టుగూళ్ళు ఏటేటా పోతూనే ఉన్నాయి. చివరకు పని వెదుక్కుంటూ మనుషులు సైతం పొరుగు రాష్ట్రాలకు పోతున్నారు. వీటికి బదులుగా బస్తర్‌కు వచ్చి, అక్కడి గిరిజనుల చేతిలో స్థిరంగా నిలిచినవి మాత్రం బహు స్వల్పం. ఈ లెక్కను సరిచేసే బాధ్యత ప్రభుత్వాలదీ, పరిశ్రమలదీ మాత్రమేనని సాధారణంగా భావిస్తారు. జగదల్పూర్‌లోని విశ్వవిద్యాలయానికి, అక్కడి వ్యవసాయ కళాశాలకు కూడా ఇందులో ప్రధానమైన పాత్ర ఉన్నదన్న సంగతి చర్చకు రావలసినంతగా రావడం లేదు.

ఒకప్పటి ఉమ్మడి బస్తర్ జిల్లా విస్తీర్ణం దాదాపు 39 వేల చదరపు కిలోమీటర్లు. అంటే కేరళ రాష్ట్రం కంటె పెద్దది. 1998లో మొదలైన విభజనలతో అది నేడు ఏడు జిల్లాలుగా ఉన్నది. ఇంత విశాల ప్రాంతానికి 2008 దాకా సొంత విశ్వవిద్యాలయం లేదు. అక్కడి కళాశాలలు సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని రాయపూర్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. 2008లో ఏర్పడిన బస్తర్ విశ్వవిద్యాలయమే ఆ తరువాత షహీద్ మహేంద్ర కర్మ విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకున్నది. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయానికి చెందిన వ్యవసాయ కళాశాల కూడా జగదల్పూర్‌లో ఉన్నది. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటు నాయకుడు గుండాధుర్ పేరును దానికి పెట్టారు. వైద్య కళాశాల, ఇంజనీరింగ్ కళాశాల, మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ కేంద్రం కూడా ఆ పట్టణంలోనే ఉన్నాయి. సంస్థలు లేవనడానికి వీలులేదు. వాటి చదువుకూ, చుట్టూ ఉన్న అడవి బతుకుకూ మధ్య వంతెన ఎంత బలంగా ఉన్నదన్నదే విచారించవలసిన విషయం.

ఇది తెలుగువారికి సంబంధించని ఊసు కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశానికి చెందిన అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని చరిత్ర. జగదల్పూర్‌లోని ప్రభుత్వ స్నాతకోత్తర కళాశాల నేటికీ కాకతీయుల పేరుతోనే ఉన్నది. భోపాలపట్నం, కోంటా ప్రాంతాలలో తెలుగు మాట వినిపిస్తుంది. బైలదిల గనులను నడిపే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఆ ఖనిజం 1960 దశకంలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీదుగా విశాఖపట్నం రేవుకు చేరి, తొలినాళ్ళలో జపాన్‌కు ఓడలెక్కింది. విశాఖ ఉక్కు కర్మాగారం కొలిమిలో కరిగినదీ ప్రధానంగా ఆ ఖనిజమే. తెలుగు ఇళ్ళలో పులుసుకు వాడే చింతపండులో బస్తర్ వాటా తక్కువేమీ కాదు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల మిరప తోటలలో కాయ కోసే చేతులలో బస్తర్ కూలీల చేతులు అనేకం. బస్తర్ పేదరికం గోదావరి ఆవలి ఒడ్డునే ఆగిపోయేది కాదు.

ఈ చర్చకు ఇదే అదను అనడానికి మరొక కారణం ఉన్నది. దశాబ్దాలుగా బస్తర్‌ను అతలాకుతలం చేసిన సాయుధ సంఘర్షణ 2025 నాటికి బాగా క్షీణించింది. 2005లో మొదలైన సల్వాజుడుం, దానికి ముందూ వెనుకా సాగిన హింసాకాండ వందలాది గ్రామాలను ఖాళీ చేయించాయి, బడులను మూయించాయి. ఇప్పుడు రోడ్లు, సెల్‌ఫోన్ స్తంభాలు, బ్యాంకులు లోపలి గ్రామాలకు చేరుతున్నాయి. వాటి వెనుకనే పెట్టుబడులూ వస్తాయి. జగదల్పూర్ సమీపంలోని నగర్నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మించిన ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. తుపాకుల మోత తగ్గినంత మాత్రాన న్యాయం దానంతట అదే నెలకొనదు. ఏ కొండను తవ్వాలి, ఏ అడవిని ఉంచాలి, ఏ పంటను ప్రోత్సహించాలి అన్న నిర్ణయాలు రాబోయే పది పదిహేనేళ్ళలో జరిగిపోతాయి. ఆ నిర్ణయాలకు ఆధారమయ్యే పరిజ్ఞానం ఎవరి చేతిలో ఉంటుందన్నది బస్తర్ భవిష్యత్తును తేల్చే అంశం.

ప్రాంతీయాభివృద్ధిలో విశ్వవిద్యాలయ పాత్ర అనగానే పరిశ్రమలకు కావలసిన నిపుణులను తయారుచేసి ఇవ్వడమేనన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. ఆ పని అవసరమే. నగర్నార్ కర్మాగారంలో, బైలదిల గనులలో స్థానిక యువతకు మంచి ఉద్యోగాలు దక్కాలంటే తగిన చదువు ఉండి తీరాలి. అయితే ఆధునిక గనులు, ఉక్కు కర్మాగారాలు యంత్రాల మీద నడిచేవి. పెట్టుబడితో పోల్చితే అవి ఇచ్చే ఉద్యోగాలు పరిమితం. 2023–24లో ఖనిజాభివృద్ధి సంస్థ ఉత్పత్తి 4.5 కోట్ల టన్నులు. అందులో అధిక భాగం బైలదిలది. అంత ఖనిజం తవ్వినా, బస్తర్ జనంలో అత్యధికులకు నేటికీ అన్నం పెడుతున్నవి వర్షాధారపు వరి, చిరుధాన్యాలు, అటవీ ఫలసాయమే. ఈ మూడింటి విలువ గ్రామంలోనే పెరిగే మార్గం చూపని చదువు, కొద్దిమందికి ఊరు విడిచి వెళ్ళే టిక్కెట్టుగా మిగులుతుందే తప్ప ప్రాంతానికి ఒరగబెట్టేది ఉండదు.

విద్యాసంస్థ తన చుట్టుపక్కల ప్రజల ఆర్థిక స్థితిని ఎలా మార్చగలదో తెలియాలంటే అమెరికాలోని విస్కాన్సిన్ అనుభవం గమనించదగినది. అక్కడ 1862 నాటి మోరిల్ చట్టం కింద ప్రభుత్వ భూములను కళాశాలల స్థాపనకు కేటాయించారు. పంటలు, పనిముట్లు, వృత్తులు విశ్వవిద్యాలయ విద్యలో భాగం కావాలన్నది ఆ చట్టం ఉద్దేశం. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రజ్ఞుడైన స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో పాలలోని వెన్న శాతాన్ని సులువుగా కనుగొనే పరీక్షను రూపొందించాడు. దానిపై ఆయన పేటెంటు తీసుకోలేదు. అంతవరకు చిక్కని పాలు పోసినవానికీ, నీళ్ళు కలిపి పోసినవానికీ ఒకటే ధర దక్కేది. పరీక్ష వచ్చిన తరువాత నిజాయితీగా పాలు పోసే రైతు నిలదొక్కుకున్నాడు. ఆ ప్రాంతం పాడి పరిశ్రమకు పెట్టింది పేరయింది. తెలుగు పల్లెల పాల కేంద్రాలలో నేడు వెన్న శాతాన్ని బట్టి డబ్బు చెల్లించడం వెనుక ఉన్నదీ ఆ సూత్రమే. కోట్ల రూపాయల యంత్రాలు కాదు, సరుకు నాణ్యతను ఇరుపక్షాలూ ఒప్పుకునేలా కొలిచే ఒక చిన్న సాధనం బేరంలో బలహీనుణ్ణి బలవంతుణ్ణి చేసింది.

బస్తర్ సంతలో కొరవడినది సరిగా అటువంటి కొలతే. ఉప్పు కోసం అంతకంటె ఎన్నోరెట్లు విలువైన సారపప్పును మార్చుకున్న గిరిజనుల కథ ఆ ప్రాంతపు చరిత్రలో చేదు అధ్యాయం. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత వారి విషయంలో అక్షరాలా నిజమైంది. ఈ స్థితిని మార్చే ప్రయత్నాలు జరగకపోలేదు. 1999లో బస్తర్ జిల్లా యంత్రాంగం చింతపండు కొనుగోలును గ్రామస్థుల సంఘాల చేతికి అందించే ఉద్యమం చేపట్టింది. కేంద్రం 2013–14లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకం తెచ్చింది. గిరిజనుల సంఘాలే సరుకును శుద్ధి చేసి అమ్ముకోవాలన్న వన్‌ధన్ పథకాన్ని 2018 ఏప్రిల్ 14న ప్రధాని బీజాపూర్‌లోనే ప్రారంభించారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తునికాకు ప్రామాణిక సంచికి చెల్లించే మొత్తాన్ని 2019లో రూ.2,500 నుంచి రూ.4,000కు, ఆ తరువాత రూ.5,500కు పెంచింది. ఇవన్నీ హర్షణీయమైన చర్యలు.

అయినా ధర ప్రకటించడంతోనే పని పూర్తికాదు. చింతపండును గింజతో సహా అమ్మితే ఒక ధర, గింజ, పీచు తీసి అమ్మితే మరొక ధర. చల్లని గిడ్డంగిలో రంగు మారకుండా నిలవ చేసి, అదను చూసి అమ్మితే ఇంకొక ధర. తీసిపారేసే గింజకు సైతం విలువ ఉన్నది. దాని పొడిని బట్టల మిల్లులలో గంజి కోసం వాడతారు. ఇప్పపువ్వు సంగతీ అంతే. చెట్టు కింద ఎండుటాకులను తగులబెట్టి నేల మీద రాలిన పువ్వును ఏరడం పాత పద్ధతి. దానివల్ల అడవికి నిప్పు ప్రమాదం ఉన్నది, పువ్వుకు మట్టి అంటుతుంది. చెట్టు కింద వల కట్టి పట్టిన శుభ్రమైన పువ్వు ఆహార పదార్థంగా ఎక్కువ ధర పలుకుతుంది. తేమ ఎంత ఉంటే నిలవ ఉంటుంది, ఏ పద్ధతిలో ఆరబెడితే రంగు చెడదు, ఏ నాణ్యతకు ఏ మార్కెట్టులో ఎంత ధర ఉన్నది అనే విషయాలను కొలిచి, పరీక్షించి, ప్రతి సంత రోజున గ్రామస్థులకు తెలియజెప్పే వ్యవస్థ ఉండాలి. కొనుగోలుదారు తన లాభం విడిచి ఆ పని చేయడు. ప్రభుత్వ శాఖకు సిబ్బందీ, తీరికా చాలవు. విద్యార్థులు, ప్రయోగశాలలు, గ్రంథాలయాలు ఉన్న విశ్వవిద్యాలయానికి అది సహజమైన పని. సాల అడవులలో దొరికే రైలీ రకం పట్టుగూళ్ళు దూరప్రాంతాల మగ్గాలకు పోకుండా కొంతైనా స్థానికంగా దారంగా, బట్టగా మారడానికీ, భౌగోళిక గుర్తింపు పొందిన బస్తర్ డోక్రా లోహ శిల్పాలకు నకళ్ళ బెడద తప్పడానికీ ఇదే తరహా కృషి కావాలి.

వ్యవసాయ పరిశోధన ఏమి సాధించగలదో తెలుగు నేలకు తెలియని విషయం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి వంగడం ఆంధ్ర ఎల్లలు దాటి తూర్పు భారతమంతా విస్తరించింది. ఛత్తీస్‌గఢ్ రైతులు దానినీ, అక్కడినుంచే వచ్చిన ఎం.టి.యు. 1010 రకాన్నీ విరివిగా సాగుచేశారు. జగదల్పూర్ వ్యవసాయ కళాశాల చిరుధాన్యాలు, జీడిమామిడిపై అఖిల భారత సమన్విత పరిశోధనలలో పాలుపంచుకుంటున్నది. మెట్ట భూములలో, కొండవాలులలో పండే కొర్ర జాతి ధాన్యాలు, రాగులు, సామలు ఒకనాడు పేదవాని తిండిగా చులకనయ్యాయి. నేడు పట్టణాలలో వాటికి గిరాకీ పెరిగింది. ఆ గిరాకీ వల్ల వచ్చే లాభం దంపుడు మిల్లు ఎవరి ఊరిలో ఉంటే వారికే దక్కుతుందన్నది మరువరాదు. చిన్న గింజల పొట్టు తీసే యంత్రాన్ని గ్రామ స్త్రీల సంఘం నడుపుకోగలిగిన స్థాయికి, ధరకు దింపడం ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులకు తగిన సవాలు.

జగదల్పూర్ శాస్త్రవేత్తల సాయంతో దర్భా ప్రాంతంలో 2017లో 20 ఎకరాలలో మొదలైన కాఫీ సాగు ఇటువంటి మరో ప్రయత్నం. దానికి బస్తర్ కాఫీ అన్న పేరూ వచ్చింది. బైలదిల ఖనిజం పోయే రైలు మార్గం మీదనే ఉన్న అరకు లోయ ఈ విషయంలో మంచి పాఠం చెబుతుంది. విశాఖ మన్యంలో కాఫీ ఒక్క పథకంతో, ఒక్క అధికారి ఉత్సాహంతో వేళ్ళూనలేదు. 1960 దశకంలో అటవీ శాఖ వేసిన మొక్కలతో మొదలై, అటవీ అభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, స్వచ్ఛంద సంస్థలు దశాబ్దాలపాటు చేయి కలిపిన మీదట అది లక్ష ఎకరాలను మించి విస్తరించింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. చింతపల్లి ప్రాంతంలోని పరిశోధనా కేంద్రాలు ఆ సుదీర్ఘ కాలంలో నీడ చెట్లు, తెగుళ్ళు, గింజ శుద్ధి వంటి అంశాలలో వెన్నంటి ఉన్నాయి. మూడేళ్ళ ప్రాజెక్టు ముగియగానే మూటాముల్లె సర్దుకునే పరిశోధన గిరిజన రైతును నడిసంద్రంలో విడిచినట్లే. కాఫీ మొక్క కాపుకు రావడానికే ఆ మూడేళ్ళు, నాలుగేళ్ళు పడుతుంది.

పరిజ్ఞానం ఎవరిదన్న ప్రశ్న ఇంకొకటి ఉన్నది. వరి శాస్త్రజ్ఞుడు డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా 1970 దశకంలో ఛత్తీస్‌గఢ్ పల్లెలు తిరిగి సుమారు 19 వేల వరి నమూనాలను సేకరించారు. అవి తరతరాల రైతులు ఎన్నిక చేసి కాపాడుకున్న విత్తనాలు. ఆ సంపద తరువాత రాయపూర్ కృషి విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. 2002లో ఆ విశ్వవిద్యాలయం బహుళజాతి విత్తన సంస్థ సిన్‌జెంటాతో సహకార ఒప్పందానికి సిద్ధపడిన సంగతి వెల్లడి కాగానే రైతులు, శాస్త్రవేత్తలు, ప్రజాసంఘాలు ఆందోళనకు దిగాయి. ఫలితంగా ఆ కంపెనీ వెనుకకు తగ్గింది. ప్రాంతానికి తోడ్పడటమంటే పరిశ్రమతో ఒప్పందాలు కుదుర్చుకోవడమేనని నమ్మే విద్యాసంస్థలకు ఆ ఉదంతం హెచ్చరిక. గ్రామస్థుల విత్తనం, మూలికల పరిజ్ఞానం, శిల్పుల నమూనా విశ్వవిద్యాలయానికి అప్పగింతగా వచ్చినవే కాని ఆస్తిగా వచ్చినవి కావు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం కింద రైతులు తమ రకాలను తమ పేరనే నమోదు చేసుకోవచ్చు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలు తమ జీవవనరుల పట్టికలను తయారు చేసుకోవాలి. ఈ పనులలో గ్రామాలకు లేఖకునిగా, సాక్షిగా నిలవడం విశ్వవిద్యాలయానికి గౌరవప్రదమైన కర్తవ్యం.

అంతకంటె కష్టమైన కర్తవ్యం నిజం చెప్పడం. 1970 దశకంలో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో బస్తర్‌లోని సాల అడవులను నరికి, కాగితపు గుజ్జు కోసం పైన్ చెట్లను పెంచే పథకం వేశారు. సాల వృక్షం గిరిజనునికి గుగ్గిలం, గింజ, ఆకు, నీడ, దైవం. పైన్ చెట్టు అతనికి ఏమీ ఇవ్వదు. గిరిజనుల ప్రతిఘటనతో 1981లో ఆ పథకాన్ని విరమించారు. లోహండీగూడలో 2005లో తలపెట్టిన ఉక్కు కర్మాగారం కోసం సేకరించిన భూములు ఏళ్ళ తరబడి వృథాగా పడి ఉండి, 2019లో 1,700 మందికి పైగా రైతులకు తిరిగి చేరాయి. బైలదిల గనుల నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టితో శంఖిని, డంకిని నదులు రంగు మారిన వైనం దంతేవాడ గ్రామస్థులకు చిరకాలంగా తెలుసు. ప్రతి సందర్భంలోనూ నష్టం జరిగిన తరువాతనే విచారణ జరిగింది. నేల, నీరు, జీవనోపాధులపై ప్రభావాన్ని ముందుగా, స్వతంత్రంగా లెక్కగట్టి ప్రజల ముందు పెట్టే సంస్థ స్థానికంగా ఉంటే గ్రామసభల చేతికి బలమైన ఆధారం దొరికేది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అధికారాలనైతే ఇచ్చాయి. పటం చదవడం, నివేదికను ప్రశ్నించడం, సామూహిక అడవికి యాజమాన్య ప్రణాళిక వేసుకోవడం నేర్పే గురువు లేనిదే ఆ అధికారాలు కాగితం మీది పులులుగా మిగిలిపోతాయి.

భాష విషయం దీనితో ముడిపడి ఉన్నది. 2011 జనగణన ప్రకారం ఛత్తీస్‌గఢ్ అక్షరాస్యత 70 శాతం కాగా, బీజాపూర్ జిల్లాలో అది 41 శాతం మాత్రమే. బస్తర్ ప్రజలు మాట్లాడేవి హల్బీ, గోండి, ధుర్వా, భత్రీ, దోర్లీ వంటి భాషలు. విశ్వవిద్యాలయ ప్రసంగాలు, పరిశోధన పత్రాలు వెలువడేవి హిందీలో, ఇంగ్లీషులో. చింతపండులో తేమ గురించి ఎంత గొప్ప పరిశోధన జరిగినా అది సంతలో హల్బీలో వినిపించకపోతే గిరిజన స్త్రీకి దక్కేది శూన్యం. ఈ లోటును పూడ్చగలవారు ఆ పల్లెల నుంచే వచ్చిన విద్యార్థులు. వారిని కేవలం పట్టా కోసం వచ్చినవారుగా కాక, ఇంటి భాషనూ శాస్త్ర భాషనూ కలపగల దుబాసీలుగా గుర్తించి, వారి గ్రామ అధ్యయనాన్నే చదువులో భాగంగా చేస్తే పరిశోధనకు పైసా అదనపు ఖర్చు లేకుండా వందలాది కార్యకర్తలు దొరుకుతారు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం గ్రామీణ విశ్వవిద్యాలయాలను సిఫారసు చేసినప్పుడు కోరినది చదువుకూ పల్లె బతుకుకూ ఇటువంటి పొత్తునే.

ఇన్ని బాధ్యతలు ఒక పేద ప్రాంతపు విశ్వవిద్యాలయం మీద మోపడం న్యాయమా అన్న సందేహం సహజం. దేశమంతటా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు అధ్యాపక ఖాళీలతో, పరీక్షల నిర్వహణ భారంతో సతమతమవుతున్నాయి. అనుబంధ కళాశాలల ప్రశ్నపత్రాలు, ఫలితాలు, పట్టాల పంపిణీతోనే ఏడాది గడిచిపోయే చోట పరిశోధనకు చోటు దొరకదు. అందువల్ల అన్నీ ఒకేసారి తలకెత్తుకోవడం కంటె కొద్దిపాటి పనులను ఎన్నుకుని, ఇరవై ఏళ్ళు విడువకుండా చేయడం మేలు. అటవీ ఉత్పత్తుల నాణ్యతా పరీక్ష, చిరుధాన్యాల శుద్ధి, నేల–నీటి స్థితిపై వార్షిక నివేదిక అనే మూడింటిని చేపట్టినా చాలును.

నిధుల సమస్య పరిష్కారానికి అతీతమైనదేమీ కాదు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డాయి. పాత గనుల లీజుదారులు రాయల్టీకి అదనంగా అందులో 30 శాతాన్ని ఈ నిధికి జమచేయాలి. బైలదిల మూలంగా రాష్ట్రంలో ఈ నిధి అధికంగా చేరే జిల్లాలలో దంతేవాడ ఒకటి. ఆ నిధి వినియోగానికి నిర్దేశించిన ప్రాధాన్య రంగాలలో విద్య కూడా ఉన్నది. దురదృష్టవశాత్తు మన దేశంలో విద్య అనగానే భవనాలు, ప్రారంభోత్సవ శిలాఫలకాలు గుర్తుకు వస్తాయి. ఖనిజం ఒకనాటికి తరిగిపోయేది. అది ఉన్నంతకాలం దాని రాబడిలో ఒక నిర్ణీత భాగాన్ని శాశ్వత మూలధనంగా నిలిపి, దానిపై వచ్చే వడ్డీతో అధ్యాపక పదవులు, ప్రయోగశాలలు నడిపితే కొండ కరిగినా చదువు మిగులుతుంది. ఒక్క షరతు మాత్రం తప్పనిసరి. గని సొమ్ముతో నడిచే పరిశోధన గనిని గూర్చి నిజం చెప్పడానికి వెనుదీయరాదు. నిధిపై పెత్తనం గనుల సంస్థకు గాని, జిల్లా అధికారికి గాని కాక, గ్రామసభల ప్రాతినిధ్యం ఉన్న స్వతంత్ర మండలికి ఉన్నప్పుడే అది సాధ్యం.

గోదావరికి ఇవతల కూడా ఇదే కర్తవ్యం ఎదురుచూస్తున్నది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోని హామీ మేరకు విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో ఆరంభమైంది. ములుగులో సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయ స్థాపనకు 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం లభించింది. ఈ రెండింటికీ, జగదల్పూర్‌కూ మధ్య రాష్ట్రాల సరిహద్దులున్నాయే గాని అడవి ఒకటే, సంత సరుకు ఒకటే, కోయ–గోండి భాషా కుటుంబమూ ఒకటే. మిరప కోతలకు వచ్చే కూలీల కుటుంబాల చదువు, ఆరోగ్యం, కూలి రేట్లపై మూడు సంస్థలూ కలిసి అధ్యయనం చేస్తే మూడు రాష్ట్రాల ప్రభుత్వాలకూ కనువిప్పు కలుగుతుంది. చింతపండు, ఇప్పపువ్వు నాణ్యతకు ఉమ్మడి ప్రమాణాలు ఏర్పరిస్తే, ఒక రాష్ట్రంలో మద్దతు ధర ఎగవేసి మరొక రాష్ట్రంలో అమ్ముకునే దళారీ ఆటలు కట్టుబడతాయి.

విశ్వవిద్యాలయం విజయానికి గీటురాయి ఏమిటన్నది పాలకులు ముందుగా తేల్చుకోవాలి. ఎంతమందికి పట్టాలిచ్చింది, ఎన్ని అంతస్తుల భవనం కట్టింది, ఎన్ని కంపెనీలతో అవగాహన పత్రాలు రాసుకున్నది అన్నవి తేలికగా లెక్కపెట్టగల విషయాలు. సంతలో కిలో చింతపండుకు గిరిజన స్త్రీకి దక్కిన వాటా పెరిగిందా, మిరప కోతకు వలసపోయే కుటుంబాల సంఖ్య తగ్గిందా, కొత్త గని ప్రతిపాదన వచ్చినప్పుడు గ్రామసభ తన భాషలో, తన లెక్కలతో మాట్లాడగలిగిందా అన్నవి కొలవడానికి కష్టమైనవి. కొలవవలసినవి అవే. దశాబ్దాల రక్తపాతం తరువాత బస్తర్‌కు దక్కిన ఈ విరామాన్ని ఖనిజం తరలింపును వేగిరపరచడానికే వినియోగిస్తే రేపటి అశాంతికి ఈనాడే విత్తనం చల్లినట్లవుతుంది. అడవి సంపదను అడవి బిడ్డలు తామే తూచి, తామే ధర చెప్పగల చదువును అందించడానికి ఛత్తీస్‌గఢ్, కేంద్ర ప్రభుత్వాలు ఇకనైనా నిధులనూ, స్వేచ్ఛనూ సమకూర్చాలి.